నార్త్ కరోలినా పెద్దమనిషి

పోయిన నెల పోస్టులో ఒక కేటలాగు వచ్చింది. లండన్‌లో పాత వస్తువులు వేలం వేసే కంపెనీ పంపింది. నున్నటి కాగితం, నల్లటి గుడ్డ మీద పెట్టి తీసిన ఫోటోలు. ఉంగరాలు, బెల్టు బకిల్స్, గుడ్డలు కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగులు, పైబట్ట జారకుండా గుచ్చుకునే వెండి పిన్నులు. అన్నీ ఐదారు వందల ఏళ్ల కిందట యూరప్‌లో ఎవరో వాడి, ఎక్కడో పారేసుకుంటే, మట్టిలో పడి ఉండి మళ్లీ బయటికొచ్చినవి. ఆ పేజీల్లో ఒకచోట మా బావగారు ఉన్నాడు. పేరు లేదు. "నార్త్ కరోలినాకు చెందిన ఒక పెద్దమనిషి సేకరణ" అని మాత్రం ఉంది. అమ్మేవాళ్ల పేరు బయటపెట్టకూడదనుకుంటే వేలం వాళ్లు అలా రాస్తారు.

ఈ సంగతి నాకు చెప్పింది ఆయనే. పాత కేటలాగుల్లో ఆ మాట కనిపించిన చోట వేలు పెట్టి, "చూశావామ్మా, పేరు చెప్పుకోడు. అదీ పెద్దమనిషి తరహా" అనేవాడు. ఆ మాట మీద ఆయనకు ఆశ ఉండేది. పోయాక దక్కింది. కాబట్టి నేనూ పేరు రాయను. ఆయనకు నేను చెయ్యగలిగిన మర్యాద అదొక్కటే.

ఆయన మా అక్క భర్త. నర్సాపురం వైపు మనిషి. ఇక్కడ నార్త్ కరోలినాలో, క్యారీ అనే ఊళ్లో, ఒక మందుల కంపెనీలో క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో చేసేవాడు. అక్కడ ప్రతి పనికీ సంతకం పెట్టిన కాగితం ఉండాలి. కాగితం లేకపోతే ఆ పని జరగనట్టే లెక్క. ఆ పద్ధతి ఆయన ఇంటికీ, చర్చికీ తెచ్చుకున్నాడు. ఎవరేం చెప్పినా ఆయన నోట వచ్చే మొదటి మాట "పేపరుందా?" ఒక కుర్రాడు జాబ్ వచ్చిందని స్వీట్లు పంచుతుంటే, చేతిలో మైసూర్‌పాక్ పట్టుకునే, "ఆఫర్ లెటరొచ్చిందా, ఉత్తినే ఫోన్లో చెప్పారా? పేపరుందా?" అన్నాడు. ఒకావిడ లేచి నిలబడి ప్రార్థన వల్ల తన షుగర్ తగ్గిందని సాక్ష్యం చెప్పింది. బయటికొచ్చాక ఆవిణ్ని ఆపి, "ల్యాబ్ పేపరుందా సిస్టర్?" అన్నాడు. ఆవిడకి కళ్లనీళ్లు వచ్చాయి. ఆయన ఆవిడకేదో మేలు చేసినవాడిలా వెళ్లి రెండోసారి బిర్యానీ పెట్టించుకున్నాడు.

పాత వస్తువులు కొనడం ఎప్పుడు మొదలుపెట్టాడో నాకు తెలియదు. నేను 2002లో క్యారీ వచ్చి, వాళ్లింటికి దగ్గర్లో అపార్ట్‌మెంట్ తీసుకుని, లైబ్రరీలో ఉద్యోగానికి కుదురుకునేటప్పటికే గరాజ్ పైన ఉండే పెద్ద గది ఆయన సొంతమైపోయింది. అక్క కొడుకు జోయెల్ తన ఆటసామాను మంచం కింద పెట్టుకునేవాడు. పైగదిలో ఒక చెక్క బీరువా. దాని నిండా పల్చటి సొరుగులు. ప్రతి సొరుగులో ఆకుపచ్చ ఫెల్టు గుడ్డ, దాని మీద వరసగా వస్తువులు, ఒక్కోదాని పక్కన చీటీ. కింది అరలో ఫైళ్లు. ఏ వస్తువు ఎవరి పొలంలో దొరికింది, ఎవరెవరి చేతులు మారింది, తనకెలా వచ్చింది, అన్నిటికీ కాగితాలు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు వాళ్లింటికి భోజనానికి వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు చేతులు కడుక్కోగానే ఆయన మెట్ల దగ్గర నిలబడేవాడు. పైకి వెళ్లాలంటే నియమాలున్నాయి. పిల్లలు చేతులు వెనక్కి కట్టుకోవాలి. ఆడవాళ్లు హ్యాండ్‌బ్యాగులు కిందే పెట్టాలి. బీరువా మీదికి వంగి ఎవరూ మాట్లాడకూడదు. ఆయన ఆఫీసు నుంచి తెచ్చుకున్న నీలం గ్లౌజులు తొడుక్కుని, కంటికి బిగించుకునే చిన్న భూతద్దం జేబులోంచి తీసి, సొరుగు లాగేముందు కళ్లు మూసుకునేవాడు. భోజనం ముందు ప్రార్థనకి కూడా అంతసేపు మూసుకునేవాడు కాదు.

ఒకసారి కరీంనగర్ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన అబ్బాయొకడు ఆ గుంపులో ఉన్నాడు. బావగారు వెండి పుల్లలాంటిదాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, "ఇది చెవి శుభ్రం చేసుకునే పనిముట్టు. ఫిఫ్టీంత్ సెంచరీ" అన్నాడు.

"గుబిలి పుల్లనా అంకుల్?" అన్నాడా అబ్బాయి.

"ఆ... అలాంటిదే."

"గుబిలి పుల్లకి గ్లౌజులెందుకంకుల్, గుబిలి ఇంకా గట్లనే ఉందా ఏంది?"

అందరూ నవ్వారు. మెట్ల మీద టీ ట్రే పట్టుకుని నిలబడ్డ మా అక్క కూడా నవ్వింది. బావగారు నవ్వలేదు. "నువ్వు చేతులు వెనక్కి పెట్టుకో" అన్నాడు.

వాడు పెట్టుకున్నాడు కాని నోరు ఆపలేదు. "అది కాదంకుల్. మన చర్చిల ఉంగరం గూడ పెట్టుకోవద్దంటరు గదా. మీరే చెప్తరు. మరి గీ డబ్బాల నిండ ఉంగరాలే ఉన్నయ్?"

వాడు అడిగింది నిజం. మేం వెళ్లే తెలుగు సంఘంలో ఆడవాళ్లు బంగారం పెట్టుకోరు. చెవికి, మెడకి, చేతికి, ఎక్కడా. బాప్తిస్మం రోజున తీసేస్తే మళ్లీ ముట్టుకోరు. ఆ నియమం మీద అందరికంటే పట్టుదల మా బావగారికే. సంఘంలో ఆయన పెద్ద. కొత్తగా వచ్చిన పెళ్లికూతురి చెవికి పూసంత బంగారం కనిపించినా భర్తని పక్కకి పిలిచి మాట్లాడేవాడు.

ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "నగలో పాపం బంగారం కాదు బాబూ, గర్వం" అని ఆగాడు. "పెట్టుకున్న మనిషి పోతే గర్వమూ పోతుంది. ఇక మిగిలేది చరిత్ర."

వచ్చినవాళ్లు తలలు ఊపారు. ఈ వాక్యం నేను చాలా ఆదివారాలు విన్నాను. ప్రతిసారీ అదే చోట ఆగేవాడు. నేను పుస్తకాల మధ్య బతికే మనిషిని. అంత నునుపు దేలిన వాక్యాన్ని నమ్మను. చెప్పేవాడికి అది అవసరం కాబట్టే అన్నిసార్లు తోమి పెట్టుకుంటాడు.

ఆ తరవాత ఉంగరాల సొరుగు. ఆయన ఎప్పుడూ చివర్లో తెరిచేది అదే. ఒక సన్నటి బంగారు ఉంగరాన్ని దీపం కిందికి తెచ్చి, లోపలి అంచు చూపించేవాడు. "చూడండి, ఇక్కడ ఎలా అరిగిందో. అంటే ఆవిడ దీన్ని తియ్యలేదు. గిన్నెలు తోమినా, పిల్లల్ని కన్నా తియ్యలేదు. ఎవరో మహాతల్లి!" ఆయన గొంతు నిజంగానే వణికేది. నటన కాదు. అదే నాకు మరీ అసహ్యంగా ఉండేది. ముక్కూమొహం తెలియని ఆడమనిషి, అన్ని వందల ఏళ్ల కిందట చచ్చిపోయిన మనిషి, ఉంగరం తియ్యనందుకు ఈయన కళ్లు చెమర్చేవి. ఆయన వెనక మా అక్క బోసి చేతులతో టీ కప్పులు అందించేది.

అక్కకీ ఆ వస్తువుల గురించి చాలా తెలిసింది. తెలియక ఏం చేస్తుంది? ఆయన అన్నంలో చెయ్యి పెట్టి కూడా అవే మాట్లాడేవాడు. ఏది అసలు, ఏది నకలు, ఏది తుడవకూడదు. "మట్టి తుడిస్తే మనిషిని తుడిచేసినట్టే" అనేవాడు. అందుకని ఏ వస్తువునీ శుభ్రం చెయ్యనిచ్చేవాడు కాదు. వంటగది గట్టు మీద పసుపు మరక కనిపిస్తే మాత్రం అక్కని పిలిచి చూపించేవాడు.

ఇంకో సంగతి రాయాలి. లండన్‌లో వేలం పొద్దున పదింటికి మొదలైతే మాకు ఉదయం ఐదు. వాళ్లింట్లో కుటుంబ ప్రార్థన కూడా అప్పుడే. మా అమ్మకి నర్సాపురంలో ఆపరేషన్ జరుగుతున్న రోజు నేను రాత్రే వెళ్లి వాళ్లింట్లో ఉన్నాను. ఉదయం ముగ్గురం సోఫాకి ఎదురుగా మోకాళ్లూనాం. అక్క ప్రార్థన చేస్తోంది. ఏడుస్తూ ఆగిపోతోంది, మళ్లీ మొదలుపెడుతోంది. నాకు పక్కన చిన్న చప్పుడు వినిపించింది. కళ్లు తెరిచాను. సోఫా మీద లాప్‌టాప్ తెరిచి ఉంది, సౌండ్ తీసేసి. ఆయన తల వంచే ఉన్నాడు, చెయ్యి మాత్రం మౌస్ మీద ఉంది. అక్క "ప్రభువా, మా అమ్మని..." అన్నప్పుడొకసారి నొక్కాడు. "డాక్టర్ల చేతులని..." అన్నప్పుడొకసారి నొక్కాడు. కాసేపటికి గట్టిగా "స్తోత్రం!" అన్నాడు. అక్క అది అమ్మ కోసం అనుకుని ఏడుస్తూనే "స్తోత్రం, స్తోత్రం" అంది.

వెండి పిన్ను దక్కింది. గుండ్రంగా, నాణెమంత ఉంటుంది. అమ్మ ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ తరవాత చర్చిలో ఆయన ఈ రెండిటినీ కలిపి సాక్ష్యం చెప్పాడు. ఒకే గంటలో ప్రభువు తన కుటుంబానికి రెండు మేళ్లు చేశాడని. ల్యాబ్ పేపరుందా అని ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అమ్మ కమ్మల గురించి చెప్పాలి. ఇదంతా రాయడం అందుకే.

మా అమ్మ వెళ్లే చర్చిలో నగల పట్టింపు లేదు. అమ్మకి ఏడు ఎర్రరాళ్ల కమ్మలుండేవి. ఒక కమ్మలో రాయి ఎప్పుడో ఊడిపోతే కంసాలి గులాబీ రంగుది పొదిగాడు, అంచేత ఏ చెవిది ఏదో మాకు తెలిసిపోయేది. మరలు వదులైపోయాయి. అమ్మ వాటికి తెల్లదారం చుట్టి బిగించుకునేది. అక్క పెళ్లికి తన చెవులవి తీసి, ఆ దారంతోనే, అక్క చెవులకి పెట్టింది. పెళ్లైన కొన్నాళ్లకే అక్క భర్త సంఘంలో బాప్తిస్మం తీసుకుంది. కమ్మలు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఏం చేశారని తరవాతెప్పుడో అడిగితే "ప్రభువు పనికి ఇచ్చేశాను" అన్నాడు.

అక్క బోసి చెవులతో పుట్టింటికి వచ్చింది. వెళ్లేటప్పుడు అమ్మ పక్కకి పిలిచి, "చెవులు పూడిపోనీకే. పుల్ల పెట్టుకో" అంది. మా వైపు ఆడపిల్లలకి చెవులు కుట్టాక నగ చేయించేదాకా చీపురుపుల్ల ముక్కలు పెడతారు, కుట్టు మూసుకుపోకుండా. అక్క అప్పటికి ఎమ్మెస్సీ పాసైన మనిషి. తరవాత క్యారీలో మందుల పరీక్షల డేటా చూసే ఉద్యోగం చేసింది. అమ్మ చెప్పినట్టే పుల్ల పెట్టుకుంది.

నాకు ఈ సంగతి 2010 దాకా తెలియదు. ఆ సంవత్సరం అక్కకి క్యాన్సర్ వచ్చింది. మందులకి జుట్టంతా రాలిపోయింది. హాస్పిటల్లో ఆమె తలకి స్కార్ఫ్ కడుతుంటే రెండు చెవుల తమ్మెల్లో ఏదో మెరిసినట్టనిపించింది. వంగి చూశాను. సన్నటి ప్లాస్టిక్ ముక్కలు, రెండు చివరలా కాల్చి అణిచినవి.

"ఏంటే ఇది?"

"ముట్టుకోకు, జారిపోద్ది. గడ్డి కోసే మెషీన్‌కి వేస్తారు చూడు, నైలాన్ తీగ. గరాజ్‌లో ఉంటే కొంచెం కత్తిరించుకున్నా."

"ఎన్నాళ్లనుంచీ?"

"అమ్మ చెప్పిన కాణ్ణుంచీ. ఇండియాలో పుల్లలు. ఇక్కడ చీపురుపుల్ల ఎక్కడ దొరుకుద్ది, అన్నీ ప్లాస్టిక్ చీపుళ్లేగా."

"బావగారికి తెలుసా?"

"ఆయన చూస్తే గదా" అంది అక్క.

బకిల్‌కి ఉన్న చిల్లు ఏ వైపు అరిగిందో చూసి, దాన్ని పెట్టుకున్నవాడు ఎడమచేతి వాటమని చెప్పగల మనిషి ఆయన. పెళ్లైనప్పటి నుంచీ పక్కనున్న చెవుల్ని చూడలేదు.

ఆ సాయంత్రం చూశాడు. ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు. స్కార్ఫ్ జారి ఉంది. "ఏంటది చెవులకి?" అన్నాడు.

"ప్లాస్టికండీ. బంగారం కాదు."

"ప్లాస్టికే కావచ్చు" అని, పైగదిలో ఆగినట్టే ఆగి, "ఆశ బంగారానిదే" అన్నాడు.

అక్క కోప్పడలేదు. "ఔనండీ, ఆశే. అమ్మవి ఒక్కసారి పెట్టుకుని అద్దంలో చూసుకోవాలనుంది. ఎక్కడున్నాయి?"

"ప్రభువు పనికి ఇచ్చేశానని చెప్పాను గదా. ఎప్పుడో ఇచ్చేశాను."

అక్క ఆయన మొహం వంక చూసింది. తల మీద జుట్టు లేదు, కనుబొమలు లేవు. ఆ చూపుకి అడ్డం ఏమీ లేదు.

"పేపరుందా?" అంది.

నాకు నవ్వొచ్చింది. నిజంగా, పైకే నవ్వాను. అక్క కూడా నవ్వబోయి దగ్గింది. ఆయన చెయ్యి జేబులోకి వెళ్లి కారు తాళాలు తడిమింది. "పార్కింగ్ టైమైపోతోంది" అని వెళ్లిపోయాడు. ఆ హాస్పిటల్లో పార్కింగ్ ఫ్రీ.

మర్నాడు వచ్చేటప్పుడు ఒక చిన్న పెట్టె తెచ్చాడు. అక్క దిండు మీద కొంచెం పైకి జరిగింది. ఆయన గ్లౌజులు తొడుక్కుని పెట్టె తెరిచాడు. ఆ గుండ్రటి వెండి పిన్ను. "చూడు, నీకెప్పుడూ సరిగ్గా చూపించలేదు. వెనకవైపు ఏదో ప్రార్థన చెక్కారు. సగం చెరిగిపోయింది."

అక్క చూసింది. "బాగుందండీ" అంది. మళ్లీ కమ్మల మాట ఎత్తలేదు. తరవాతి వసంతంలో పోయింది.

ఫ్యునరల్ హోమ్‌లో పనిచేసే ఆవిడ మర్యాదగా అడిగింది, ఆభరణాలేమైనా తీసివ్వాలా అని. బావగారు "ఏమీ లేవు. ఆమె ఎప్పుడూ పెట్టుకోలేదు" అన్నాడు. ఆవిడ తడబడుతూ, చెవుల్లో ఏవో ప్లాస్టిక్ ముక్కలున్నాయి, ఉంచాలా తియ్యాలా అంది. అప్పుడాయన కోటు జేబులోంచి భూతద్దం తీసి కంటికి బిగించుకున్నాడు. మా అక్క మీదికి వంగాడు. ఒక చెవి చూశాడు. అటు తిరిగి వెళ్లి రెండోది చూశాడు. ఊపిరి బిగబట్టి, సొరుగు ముందు నిలబడే మనిషిలా. నేను ఆ గదిలోనే ఉన్నాను.

"మెషీన్ తీగ" అన్నాడు లేస్తూ. "ఉండనివ్వండి."

తరవాత మూడేళ్లు ఆయన అక్క గురించి చాలా మాట్లాడాడు. ఎంత నిరాడంబరురాలు, ఎంత లోబడిన మనిషి, ఏదీ అడిగేది కాదు. ఆడవాళ్ల కూడికలకి వచ్చి మరీ చెప్పేవాడు. గొంతు వణికేది. ఆ వణుకు నేనెరుగుదును. 2014 చలికాలంలో ఆఫీసు పార్కింగ్ లాట్‌లో, కారులో కూర్చుని, సీటుబెల్టు పెట్టుకున్నాక, గుండె ఆగి పోయాడు.

జోయెల్ కాలిఫోర్నియాలోని సన్నీవేల్ నుంచి వచ్చాడు. అక్కడ ఇంజనీరు. ఇల్లు అమ్మాలి, వస్తువుల్ని వేలం కంపెనీకి పంపాలి. ఇద్దరం పైగదిలో కూర్చున్నాం. వాడు ఫైల్లో కాగితం చూసి చదవడం, నేను చీటీ సరిచూసి పొట్లం కట్టడం.

"పిన్నీ, గ్లవ్స్ వేస్కోవాలా?"

"నీ ఇష్టం."

"డాడ్ చూస్తే చంపేస్తాడు" అన్నాడు వాడు, బోసి చేతులతో ఉంగరం తీస్తూ. చిన్నప్పుడు వాడి చేతులు వెనక్కి ఉండేవి.

అన్నిటికంటే అడుగు సొరుగు బిర్రుగా ఉంది. జోయెల్ గట్టిగా లాగాడు. అందులో రెండే వస్తువులు. ఒకదాంట్లో ఏడు ఎర్రరాళ్లు, రెండోదాంట్లో ఆరు ఎర్రవి, ఒకటి గులాబీ రంగుది.

"ఇది ఏంటి? దీనికి నంబర్ లేదు." వాడు ఫైళ్లన్నీ తిప్పాడు. "చీటీ కూడా లేదు. పిన్నీ, ఇది ఏ సెంచరీ?"

"మీ అమ్మమ్మది" అన్నాను.

"అమ్మమ్మ సెంచరీ" అని నవ్వాడు. నా మొహం చూసి ఆపేశాడు. ఫైలు మూసి, "పేపర్ లేకపోతే వాళ్లు తీస్కోరు. నువ్వు ఉంచుకో పిన్నీ. ప్లీజ్" అన్నాడు.

ఆ బీరువా మొత్తంలో కాగితం లేనివి అవి రెండే. పారేసిన బకిల్ ముక్కకి కూడా ఎక్కడి నుంచి వచ్చిందో రాసుకున్న మనిషి, వీటికి ఏం రాస్తాడు? తనకెలా వచ్చాయని రాస్తాడు?

మరలకి అమ్మ చుట్టిన దారం అలాగే ఉంది, కొబ్బరినూనెకి నల్లబడి. తుడవకూడదన్న ఆయన నియమం ఒకసారైనా మాకు పనికొచ్చింది. ఇంకొకటి కూడా చూశాను. కమ్మల కింద ఫెల్టు పలచబడి, అడుగు చెక్క కనిపిస్తోంది. మిగతా సొరుగుల్లో ఎక్కడా అలా లేదు. తీసి, పెట్టి, తీసి, పెట్టి అరిగింది. అరుగుదల చూసి మనిషిని చదవడం నాకు నేర్పింది ఆయనే. చదివాను. చర్చిలో ఒకావిడకి చెబితే ఆవిడ కళ్లొత్తుకుని, "ఎంత ప్రేమతో దాచుకున్నారో సిస్టర్" అంది. కావచ్చు. హాస్పిటల్ ఆ బీరువాకి కారులో ఇరవై నిమిషాల దూరం. ఆ దూరం దాటని ప్రేమతో మా అక్కకి ఏం పని?

నా చెవులు ఎప్పుడో పూడిపోయాయి. ఈ సంఘంలో చేరినప్పుడు నేనూ నావి తీసేశాను. నైలాన్ తీగ తెలివి నాకు లేకపోయింది. మాల్‌లో చెవులు కుట్టే అమ్మాయి దగ్గరికి వెళ్లాను. "ఫస్ట్ టైమా?" అంది. రెండోసారి అన్నాను. వాపు తగ్గి, పుండు మాని, అమ్మ కమ్మల లావుపాటి కాడలు దూరేదాకా చాలా నెలలు పట్టింది.

పోయిన ఆదివారం ఆయన పోయి సంవత్సరం నిండిన జ్ఞాపకార్థ కూడిక జరిగింది. కేటలాగులో ఆయన పేజీ పెద్దది చేయించి ముందర స్టాండు మీద పెట్టారు. పాస్టరుగారు మాట్లాడుతూ, లోకాశ మీద గెలుపు పొందిన మనిషి అన్నాడు. భోజనాల దగ్గర పాస్టరుగారి భార్య నా పక్కకి వచ్చి, స్వరం తగ్గించి, "ఏంటి సిస్టర్, చెవులకి? ఈ వయసులో?" అంది.

"బావగారి కలెక్షన్‌లోవండీ" అన్నాను.

ఆ మాటకి పాస్టరుగారు పళ్లెంతో సహా ఇటు తిరిగాడు. "అన్నయ్యగారి కలెక్షనా! ఎన్నో శతాబ్దానివమ్మా?"

"మా అమ్మవి. తరవాత అక్కవి. ఇద్దరూ పోయారు కదండీ అయ్యగారూ. ఇక గర్వం ఎక్కడిది."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, నెమ్మదిగా తల ఊపాడు. "హిస్టారికల్" అని భార్యకి వివరించి, పెరుగన్నం కోసం వెళ్లాడు. అంతే. ఎవరూ నన్ను పక్కకి పిలవలేదు. మా అక్కకి ఈ తేలిక దారి ఎవరూ చూపించలేదు.

పాస్టరుగారి భార్య వెళ్లలేదు. కమ్మలనే చూస్తోంది. ఆవిడ చెవి తమ్మెల మీద రెండు చిన్న మచ్చలున్నాయి, ఎప్పుడో పూడిపోయిన కుట్లవి. ఆవిడ చెయ్యి సగం లేచి ఆగింది.

"ముట్టుకోవచ్చా?" అంది.

"ముట్టుకోండి" అన్నాను. "గ్లౌజులక్కర్లేదు."